జవాబు తెలిసీ చెప్పకపోతే

మైలుతుత్తం కలిపి ఉడికించిన బంకకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఉండడానికి ఆ తుత్తం కలుపుతారు. ఈమధ్య ఒక గ్రంథాలయానికి పనిమీద వెళ్లినప్పుడు, అక్కడి వసారాలో ఒకాయన కూర్చుని పాత పుస్తకాల కుట్లు విప్పి, మళ్లీ దారంతో కుట్టి, కొత్త అట్టలు అతికిస్తున్నాడు. పక్కనే నీలిరంగు తిరిగిన బంక గిన్నె ఉంది. నేను వచ్చిన పని సంగతి మరిచిపోయి చాలాసేపు ఆయన దగ్గరే నిలబడిపోయాను. చిన్నప్పుడు మా బడిలోని లైబ్రరీ గది తలుపు తీయగానే మొదట ముక్కుకు తగిలేది ఈ వాసనే.

సాహిత్యం చదివితే పిల్లలకు విలువలు వస్తాయా అని నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పడంలోనే గడిచింది కాబట్టి నా దగ్గర సిద్ధమైన సమాధానం ఒకటి ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు సిద్ధాంతాలు తెలియవు. ఆ గదిలోనూ, ఆ తరవాత నేను పాఠాలు చెప్పిన గదుల్లోనూ విన్న వాదనలు మాత్రం చాలా గుర్తున్నాయి. అవన్నీ ఎటు తిరిగినా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయని ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అనిపిస్తోంది.

* * *

లైబ్రరీ పీరియడు వారానికి ఒక్కటే ఉండేది. బీరువా తాళంచెవి తెలుగు మాస్టారి దగ్గర ఉండేది. ఆయన తలుపు తీసి, పైఅరలోంచి చందమామ బైండు పుస్తకాలు దించి, ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చేవారు. ఏడాది సంచికలన్నీ కలిపి కుట్టిన ఆ పుస్తకం ఒక్కరి ఒళ్లో ఆగేది కాదు. ఇద్దరి మోకాళ్లమీద సగం సగం పెట్టుకుని చదివేవాళ్లం. ముందుగా పేజీ అడుగుకు చేరినవాళ్లు కాగితం మూలను రెండు వేళ్లతో పట్టుకుని, రెండోవాళ్ల కళ్లు ఎంతవరకు వచ్చాయో చూస్తూ కూర్చునేవాళ్లు. తొందరపడి తిప్పితే గొడవ జరిగేది. పక్కవాడు పూర్తి చేసేదాకా పేజీ తిప్పకూడదనే మర్యాదను మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, పుస్తకం ఒక్కటే ఉండడం వల్ల అదే అలవడింది.

చందమామ 1947 జులైలో మొదలైంది. మేము దాన్ని చదివేనాటికే మా లైబ్రరీలో ఉన్నవి మాకంటే ముందు చాలామంది చేతుల్లో నలిగిన సంపుటాలు. అందరం ముందుగా వెతుక్కునేది బేతాళ కథనే. పట్టు వదలని విక్రమార్కుడు చెట్టు దగ్గరికి తిరిగి వెళ్లి, శవాన్ని భుజాన వేసుకుని, మౌనంగా శ్మశానం కేసి నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేసి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు. రాజు జవాబు చెబుతాడు. మౌనం భంగం కావడంతో బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ఈ చట్రం ప్రతి నెలా మారకుండా ఉండేది, లోపలి కథ మారేది.

మాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, మా సంపుటాల్లో చాలా కథలకు జవాబులు ఉండేవి కావు. బేతాళ కథ ముగిసే కాగితానికి వెనకవైపు తరవాతి కథ మొదలయ్యేది, ఆ మొదలులో పెద్ద బొమ్మ ఉండేది. బొమ్మల మీద మోజున్న పూర్వవిద్యార్థులెవరో బ్లేడుతో ఆ బొమ్మలను కత్తిరించుకుని పోయారు. దాంతో ఇవతలివైపు విక్రమార్కుడి జవాబు కూడా పోయింది. ప్రశ్న ఉంది, బెదిరింపు ఉంది, ఆ కింద చతురస్రాకారంలో ఒక కన్నం ఉంది. ఆ కన్నంలోంచి తరవాతి పేజీలోని సంబంధంలేని వాక్యాలు కనిపించేవి.

ఆ కన్నాన్ని మేమే పూడ్చుకోవలసి వచ్చేది. ఆ కథల తీరు తెలిసినవాళ్లకు ఆ ప్రశ్నల తీరు కూడా తెలుస్తుంది. ఇద్దరు యోగ్యుల్లో ఎక్కువ గొప్పవాడనిపించినవాణ్ని కాదని రాజు రెండోవాడికి పదవి ఎందుకు ఇచ్చాడు, అపకారం చేసినవాణ్ని ఆమె ఎందుకు క్షమించింది, అది ధర్మమేనా, లేక బలహీనతా అన్నట్టుగా ఉంటాయి. మా బెంచీలో ఒక జవాబు, వెనక బెంచీలో ఇంకో జవాబు పుట్టేది. మాస్టారు కుర్చీలో కూర్చుని తన పుస్తకం తాను చదువుకుంటున్నట్టే ఉండేవారు గాని, పేజీ తిప్పేవారు కాదు.

ఒకసారి ఎవరో ఆయన్నే అడిగారు. “మాస్టారూ, రాజు నోరు తెరిస్తే శవం పోతుంది, తెరవకపోతే తల పోతుంది. ఏం చెయ్యాలండీ?” దానికి ఆయన సూటిగా జవాబు చెప్పకుండా, సంస్కృతంలో ఉన్న పాత కథ చెప్పారు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఈ బేతాళ కథలు ఉన్నాయి. చివరి ప్రశ్న వావివరసల చిక్కుముడి. ఒక తల్లీకూతుళ్లలో కూతుర్ని వేరొక తండ్రీ, తల్లిని అతడి కొడుకూ పెళ్లాడితే, ఆ రెండు జంటలకూ పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని అడుగుతాడు బేతాళుడు. రాజుకు ఎంత ఆలోచించినా తెలియదు. మాట్లాడకుండా నడుస్తూనే ఉంటాడు. అతడి తల పగలదు. పైగా బేతాళుడు సంతోషించి, రాబోయే ప్రమాదం గురించి రాజును హెచ్చరిస్తాడు.

“తెలియకపోతే ఊరుకోవచ్చురా. ఆ ఊరుకోవడంలో దోషం లేదు” అన్నారు మాస్టారు. రెండో సగం మాకే వదిలేసి బీరువాకు తాళం వేశారు.

* * *

ఆ రోజుల్లో బడిలో పొద్దున్న మొదటి పీరియడు పద్యాలది. ముందు ఒకరు పాదం చెబితే వెనక తరగతంతా అందుకునేది. అర్థం తెలిసి చదివినవాళ్లం తక్కువ. గొంతులన్నీ కలిసి ‘సుమతీ’ దగ్గరో ‘వినుర వేమ’ దగ్గరో ఒక్కసారిగా దిగేవి. పక్క తరగతి లెక్కల మాస్టారు ఆ చప్పుడుకు విసుక్కుని తలుపు వేసుకునేవారు. వేమన పద్యాలు బ్రౌన్ దొర సేకరించి 1829లో అచ్చు వేయించాడనే సంగతి నేను ఎన్నో ఏళ్ల తరవాత చదువుకున్నాను. అంతకుముందు అవి నాకు అచ్చులో ఉండే వస్తువులని కూడా అనిపించేది కాదు. గొంతులో ఉండేవి.

కంఠస్థం చేయించడాన్ని ఇప్పుడు చాలామంది ఈసడిస్తారు. చిలకపలుకులని అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అర్థం కాకుండా నోటికి వచ్చిన పద్యం కొన్నేళ్లు ఊరికే పడి ఉంటుంది నిజమే, కాని ఒకరోజు ఎవరో ఆడంబరంగా మాట్లాడుతుంటే కంచు మోగినట్లు కనకం మోగుతుందా అనే పాదం దానంతట అదే పైకి వస్తుంది. పుస్తకంలో మాత్రమే ఉన్న పద్యం అలా వేళకు రాదు.

బద్దెన చెప్పాడనే సుమతీ శతకంలో అన్ని పద్యాలూ మాకు చెప్పేవారు కాదు. కొన్నిటిని మాస్టారు దాటేసేవారు. ఒక పిల్ల ఆ వరస గమనించి, “మాస్టారూ, మధ్యలో వదిలేశారు” అంటే, ఆడవాళ్లను తక్కువ చేసే మాట అది, పాతది కాబట్టి నీతి అయిపోదమ్మా అన్నారు. శతకాలను చేతికి ఇచ్చి మొత్తం నీతే అనుకోమని చెప్పే పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పిల్లలకు సాహిత్యం నుంచి విలువలు రావాలని కోరుకునేవాళ్లు, ఆ సాహిత్యంలో వద్దనుకోవలసినవి కూడా ఉన్నాయని వాళ్లకు చెప్పకపోతే సగం పనే చేసినట్టు.

మాస్టారు దాటేయని పద్యం ఒకటి మమ్మల్ని ఎక్కువగా వేధించింది.

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

బేతాళుడి బెదిరింపు ఒంటబట్టిన పిల్లలకు ఈ పద్యం మింగుడుపడలేదు. తప్పించుకు తిరిగేవాడు ధన్యుడైతే, జవాబు తెలిసీ చెప్పనివాడి తల ఎందుకు పగలాలి? వెనక బెంచీ కుర్రాడొకడు ఈ మాట పైకే అనేశాడు. అప్పటికి సభాపర్వం కథ నడుస్తోంది. మాస్టారు నల్లబల్ల మీద ఒకవైపు ఈ పద్యం రాయించి, రెండోవైపు ‘వికర్ణుడు’ అని ఒక్క మాట రాశారు. ఆ వారమంతా దాన్ని చెరపనివ్వలేదు. లెక్కల మాస్టారు వచ్చినప్పుడు బల్లలో మిగిలిన కాస్త చోటులోనే లెక్కలు వేసుకోవలసి వచ్చింది.

* * *

ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన ఘట్టం అందరికీ తెలిసినదే. మాస్టారు మాత్రం చీర దగ్గరకు తొందరగా వెళ్లేవారు కాదు. ఆమె అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయేవారు. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తానే ఓడి దాసుడైనవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? ఇది న్యాయస్థానంలో అడగదగిన ప్రశ్న, సభ నిండా న్యాయం తెలిసినవాళ్లే ఉన్నారు. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని అంటాడు. ద్రోణుడు, కృపుడు మాట్లాడరు. రాజులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ చోట మాస్టారు కూడా కాసేపు మాట్లాడకుండా నిలబడేవారు. తరగతిలో ఇబ్బందిగా ఉండేది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటే బాగుండునని నాకు అనిపించేది. ఆ ఇబ్బంది ఏమిటో మాకు తెలియాలనే ఆయన అలా నిలబడేవారని అప్పట్లో తోచలేదు.

అప్పుడు లేచినవాడు వికర్ణుడు. దుర్యోధనుడి తమ్ముడు, సభలో చిన్నవాడు. పెద్దలెవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను, ఈమె ధర్మంగా ఓడిపోలేదు అంటాడు. కర్ణుడు వెంటనే విరుచుకుపడతాడు, పసివాడివి, సభలో ముసలివాళ్ల మాటలు మాట్లాడుతున్నావంటాడు. మాలో కర్ణుడంటే ప్రాణమిచ్చేవాళ్లు చాలామంది ఉండేవారు. దానం, స్నేహం, పుట్టుక మూలంగా పడిన అవమానాలు, ఇవన్నీ చెప్పి కర్ణుడి తరఫున కొట్లాడేవాళ్లు. ఆ రోజు వాళ్ల నోళ్లు పడిపోయాయి. ఇష్టమైన మనిషి కూడా ఒకచోట తప్పు పక్షాన నిలబడతాడని, అతడి మీద ఇష్టాన్ని వదులుకోకుండానే ఆ తప్పును తప్పనవచ్చని వాళ్లకు అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఒకడు మాత్రం ఆ సన్నివేశం ఎవరో తరవాత కల్పించి ఉంటారని చివరిదాకా వాదించాడు.

విదురుడు అదే సభలో ఒక పాత కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడనే బ్రాహ్మణుడికీ ఎవరు గొప్ప అని పంతం వచ్చింది. ప్రాణాలు పణంగా పెట్టుకుని, తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్లారు. తెలిసీ చెప్పకపోయినా, అబద్ధం చెప్పినా ఇంద్రుడి వజ్రాయుధం నీ తలను నూరు ముక్కలు చేస్తుందని సుధన్వుడు హెచ్చరిస్తాడు. ప్రహ్లాదుడు కొడుకుకు వ్యతిరేకంగానే తీర్పు చెబుతాడు. సుధన్వుడు మెచ్చి ఆ కొడుకు ప్రాణం ఆయనకే తిరిగి ఇస్తాడు.

తల నూరు ముక్కలు కావడం అనగానే తరగతంతా ఒక్కసారి “బేతాళుడు!” అని అరిచింది. చందమామలోని బెదిరింపు భారతంలో కూడా కనిపించినందుకు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక పుస్తకంలోని మాట మరో పుస్తకంలో ఎదురుపడినప్పుడు చదువరికి కలిగే సంబరాన్ని నేను మొదటిసారి ఎరిగింది అప్పుడే.

వికర్ణుడికి ఏం బహుమతి దొరికిందని ఒక పిల్లవాడు అడిగాడు. ఏమీ దొరకలేదు. యుద్ధంలో అన్నల పక్షానే నిలబడి, భీముడి చేతిలో చచ్చిపోయాడు. చంపిన భీముడే అతడి కోసం బాధపడ్డాడు. ఆ జవాబు పిల్లవాడికి నచ్చలేదు. మంచి చేస్తే మంచి జరుగుతుందని ముగిసే కథలకు అలవాటుపడ్డ చెవులకు అది అన్యాయంగా వినిపించింది. నాకు మాత్రం ఆ కథ గుర్తుండిపోవడానికి కారణం అదే. లాభం చూపించి నేర్పిన నీతి, లాభం లేనిచోట పనిచేయదు.

బల్ల మీది పద్యం సంగతి తేల్చింది మా తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి. పద్యంలో చివరి పాదాన్నే అందరూ పట్టుకున్నారు గాని, మొదటి పాదం వేళకు తగిన మాట మాట్లాడమంటోంది కదండీ అంది. ద్రౌపది అడుగుతున్నప్పుడు వేళకు తగినది జవాబు చెప్పడమే కాబట్టి, వికర్ణుడు ఈ పద్యం ప్రకారమే నడిచాడని ఆమె వాదం. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. బల్ల తుడవమన్నారు. బద్దెన ఆ ఉద్దేశంతో రాశాడని నేను ఇప్పటికీ అనుకోను. లోకంలో నెగ్గుకురావడం ఎలాగో చెప్పిన పద్యం అది. అయినా ఆ అమ్మాయి దాన్ని తనకు కావలసినట్టు తిప్పుకున్న తీరు నాకు చాలా నచ్చింది.

* * *

మాట్లాడడమే గొప్ప గుణమనే ఉత్సాహం నాలో కొంతకాలం బాగా సాగింది. దాన్ని కాస్త దారిలో పెట్టినవాడు గిరీశం. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు. ఇప్పుడు మనం చదువుతున్నది గురజాడ 1909లో బాగా పెంచి తిరగరాసిన నాటకం. పై చదువులో అది మాకు పాఠ్యపుస్తకం. గిరీశానికి తెలియని సంస్కరణ లేదు, ఇవ్వలేని ఉపన్యాసం లేదు. వితంతు వివాహం గురించి ఆయన మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఆ మాటల వెనక ఉన్న లెక్కలు తెలిసినప్పుడు కొట్టిన చప్పట్లకు మనమే సిగ్గుపడతాం. అదే నాటకంలో, పెద్దమనుషులెవరూ గౌరవించని మధురవాణి మాట మీద నిలబడుతుంది, చేతనైన ఉపకారం చేస్తుంది. మంచిమాట చెప్పేవాడు మంచివాడు కానక్కర్లేదని, చెడ్డపేరున్న మనిషి చెడ్డ కానక్కర్లేదని యువతకు ఇంత నవ్విస్తూ చెప్పిన పుస్తకం మన భాషలో మరొకటి నేను చూడలేదు.

* * *

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టేనాటికి ప్రతి కథ చివరా ‘ఈ పాఠం వల్ల మీరు గ్రహించిన నీతి ఏమిటి?’ అనే ప్రశ్న ఉండేది. గైడులో దానికి రెండు వాక్యాల జవాబు ఉండేది. తరగతిలోని పిల్లలంతా అవే రెండు వాక్యాలు రాసేవారు. సత్యమే పలకవలెను అని చక్కని దస్తూరీతో పక్కవాడి కాగితంలోంచి చూసి రాసేవాళ్లు కూడా ఉండేవారు. దిద్దుతూ నవ్వుకునేదాన్ని. మార్కులు వేయక తప్పదు.

చూచిరాత అంటే గుర్తొచ్చింది. ఒక తరగతికి గాంధీ ఆత్మకథలోని భాగం చదివి వినిపించాను. రాజ్‌కోటలో హైస్కూలు మొదటి సంవత్సరంలో గైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు రాయిస్తాడు. గాంధీ ‘కెటిల్’ అనే మాటకు వర్ణక్రమం తప్పు రాస్తాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని ఉపాధ్యాయుడు బూటుకాలితో తట్టి సైగ చేస్తాడు. కాపీ కొట్టకుండా కాపలా కాసే ఉపాధ్యాయుడే కొట్టమంటాడని ఆ పిల్లవాడికి తట్టనే తట్టదు. అందరి మాటలూ ఒప్పు, గాంధీ ఒక్కడిదే తప్పు.

ఎప్పటిలాగే నిజాయితీ గురించి చర్చ నడుస్తుందనుకున్నాను. ఒక కుర్రాడు లేచి, “ఆయన కాపీ కొట్టలేదు, బాగానే ఉంది టీచర్. కాని సారు కాపీ కొట్టమన్నారని ఇన్‌స్పెక్టరుతో చెప్పలేదు కదా. తెలిసీ చెప్పలేదు” అన్నాడు. బేతాళుడు, వికర్ణుడు నా తరగతులకు కూడా పాత చుట్టాలే కాబట్టి ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. పెద్దవాళ్ల తప్పులు తన కంటికి ఆనేవి కావని, ఆ ఉపాధ్యాయుడి మీద గౌరవం తరవాత కూడా తగ్గలేదని గాంధీ రాసుకున్న మాటలు కూడా చదివాను. కుర్రాడు తృప్తిపడలేదు. గౌరవం ఉంటే నిజం దాచాలా అన్నాడు. అంతలో కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్ల, ఇన్‌స్పెక్టరు ఆ సంగతి అడగలేదు కదా అంది. ద్రౌపది అడిగింది, అడిగినప్పుడు చెప్పకపోవడం వేరు, అడగకుండా ఫిర్యాదు చేయడం వేరు అని ఆమె వివరణ. మరి అడగలేనివాళ్ల సంగతేమిటని కుర్రాడి ఎదురుప్రశ్న.

అడగలేనివాళ్ల కోసం నేను ఆ పై వారం జాషువా గబ్బిలం తీసుకెళ్లాను. 1941లో వచ్చిన కావ్యం అది. అంటరానివాడిగా ముద్రపడి గుడిలో అడుగుపెట్టలేని మనిషి, తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలో గబ్బిలానికి అడ్డులేదు, మనిషికి అడ్డు. ఈ ఒక్క సంగతి చెప్పేసరికి తరగతిలో కలిగిన కదలిక, మానవులంతా సమానమని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా కలిగేది కాదు. ఒక పిల్లవాడు, “గబ్బిలం తెలుగులో చెబితే శివుడికి అర్థమవుతుందా?” అని అడిగాడు. నవ్వులాటకు అడిగాడో నిజంగానే అడిగాడో తెలియలేదు. ఇంకొకడు వాడి మీద కోప్పడ్డాడు. ఆ కోపం నాకు ముఖ్యమనిపించింది.

* * *

వామనచరిత్ర చెప్పినప్పుడల్లా నా తరగతిలో శుక్రాచార్యుడికి వకాల్తా పుచ్చుకునేవాళ్లు ఒకరిద్దరు ఉండేవారు. వచ్చినవాడు విష్ణువని శుక్రుడికి తెలుసు. శిష్యుణ్ని హెచ్చరించాడు. ప్రాణం, ధనం, మానం పోయే సందర్భాల్లో అబద్ధమాడినా పాపం లేదని కూడా పోతన ఆయన చేత చెప్పిస్తాడు. రాజులు ఎందరు లేరు, వాళ్లు సిరిని మూటకట్టుకుపోయారా అని బలి ఎదురు చెప్పే ‘కారే రాజులు’ పద్యం అందరికీ నోటికి వస్తుంది. పరీక్షల్లో వచ్చేదీ అదే. శుక్రుడి పద్యం ఎవరూ అడగరు.

“తెలిసి చెప్పినవాడు శుక్రుడే కదా టీచర్, ఆయన్ను ఎందుకు తిడతారు?” అని ఒక పిల్లవాడు అడిగిన ఏడాది నుంచి నేను రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. చేతిలో ఉన్నదంతా పోతుందని తెలియకుండా ఇచ్చినవాడైతే బలి అమాయకుడు మాత్రమే అవుతాడు. గురువు అంతా విప్పి చెప్పాడు కాబట్టే ఆ దానానికి విలువ. కాబట్టి ఆ కథలో శుక్రుడు ఉండి తీరాలి. అయితే తన మాట వినలేదని శిష్యుణ్ని శపించడం మాత్రం పిల్లలెవరికీ నచ్చేది కాదు. నిజం చెప్పడం వరకే నీ పని, ఎదుటివాడు వినాలని పట్టుబట్టడం నీ పని కాదని వాళ్లలో ఒకరు రాసిన జవాబుకు నేను వేయగలిగినన్ని మార్కులు వేశాను. గైడులో ఆ జవాబు లేదు.

* * *

శకుంతల కథను రెండు విధాలుగా చెప్పుకోవచ్చు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం ఉంది, ఉంగరం ఉంది. దుష్యంతుడు నిజంగానే మరిచిపోతాడు. భారతంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. ఆమె కొడుకుతో సభకు వస్తే, ఆయనకు అంతా గుర్తుండే ఎరగనంటాడు. నూరు బావుల కంటే, నూరు యజ్ఞాల కంటే, నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలని నన్నయ శకుంతల రాజుతో అంటుంది. చివరికి ఆకాశవాణి పలికి, ఆమె చెప్పిందంతా నిజమని తేల్చాక, లోకం నిందిస్తుందనే భయంతో అలా అన్నానని రాజు ఒప్పుకుంటాడు.

ఉద్యోగం చివరి రోజుల్లో ఈ రెండు కథలూ ఒకే తరగతికి వరసగా చెప్పి, ఏ దుష్యంతుడు నయమని అడిగాను. కాళిదాసు రాజుకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. మరిచిపోయినవాడి తప్పేముంది, తెలియనప్పుడు ఊరుకోవచ్చు కదా అన్నారు. అందుకే కవి శాపం తెచ్చి పెట్టాడు, రాజును కాపాడడానికి అని ఒకరు కనిపెట్టారు. ఆ మాట పండితులు చెప్పినదే. ఆ వయసులో తనంతట తాను కనిపెట్టినందుకు నేను మెచ్చుకున్నాను. భారతం రాజును సమర్థించినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన చివరకు నలుగురిలో నిజం ఒప్పుకున్నాడు, ఆలస్యమైనా ఒప్పుకోవడం చిన్న విషయం కాదన్నారు.

దానికి ముందు బెంచీ అమ్మాయి ఒకటి అడిగింది. “ఆకాశవాణి పలకకపోయి ఉంటే ఒప్పుకునేవాడా?” ఆ గంటంతా దాని మీదే పోయింది. బెల్లు కొట్టాక సైన్సు మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నా ఎవరూ కూర్చోలేదు. సభలో శకుంతల పక్షాన ఒక్క మంత్రి అయినా ఎందుకు లేవలేదని ఒకరు, మంత్రులకు నిజం తెలియదు కదా అని ఇంకొకరు, తెలియకపోతే విచారించి తెలుసుకోవాలి గాని అని మరొకరు. నేను పుస్తకాలు సర్దుకుని బయటికి వచ్చేశాను. లోపల సైన్సు మాస్టారు సంగతేమిటని అడుగుతుంటే, పిల్లలు ఆయనకు మొదటినుంచీ కథ చెప్పడం మొదలుపెట్టారు.